పలక మీద కీబోర్డు

మా కాలేజీ నాకు శాలువా కప్పి పంపించిన రోజే పాత కంప్యూటర్లను కూడా పంపించింది. నాకు ముందు గేటు, వాటికి వెనక గేటు. అంతే తేడా. వేదిక మీద ఎవరో నా సేవల గురించి మాట్లాడుతున్నారు. నా చెవి మాత్రం వెనక వైపే ఉంది. పాత సామాను కొనేవాళ్లు స్టోర్ రూములోంచి కంప్యూటర్ డబ్బాలు ఎత్తుకొచ్చి ట్రాలీ ఆటోలోకి విసిరేస్తున్నారు. ఒక్కొక్కటి పడ్డప్పుడల్లా రేకు గోల. మైకు ముందు ఉన్న పెద్దమనిషి ప్రతి గోలకూ ఆగి, అది సద్దుమణిగాక మళ్లీ నా సేవల దగ్గరికి వస్తున్నాడు.

సభ అయ్యాక కొత్త తెరను ప్రారంభించారు. గోడకు సగం ఉంది. నల్లటి అద్దం. నా తర్వాత ల్యాబ్ చూసుకోబోయే లెక్చరర్ నా పక్కకు వచ్చి, "చూడండి మేడం, ఒక్క బటన్ కూడా లేదు" అన్నాడు. బటన్ లేకపోవడం ఆ అద్దం సాధించిన ఘనకార్యం అయినట్టు.

"అది బిగుసుకుపోతే ఏం చేస్తావు నాయనా?" అని అడిగాను.

"రీస్టార్ట్ చేస్తాం మేడం."

"దేంతో?"

అతను అద్దం వైపు చూశాడు. అద్దం అతని వైపు చూసింది.

నాకు మాట కింద పడనివ్వని గుణం ఉందని మార్కాపురంలో చాలామందికి తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను. వేలితో అద్దాన్ని నిమరడమే యంత్రాన్ని నడపడం అనుకునే పిల్లలకు, అద్దం కంటే ముందు యంత్రాలకు ముఖమూ, చేతులూ, నోరూ ఉండేవని ఒకరు చెప్పాలి. వాటిని పిల్లలకు అందకుండా చేయడానికి పెద్దవాళ్లు ఎంత కష్టపడ్డారో కూడా చెప్పాలి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ప్రైవేటు జూనియర్ కాలేజీలో కంప్యూటర్ ఒకేషనల్ కోర్సు పెట్టారు. అందరూ ఆడపిల్లలే. కాలేజీ కరస్పాండెంట్‌కు అప్పటికే పలకల ఫ్యాక్టరీ ఉంది. ఎక్కడెక్కడి పిల్లలో అఆలు దిద్దుకున్న పలకలు ఆయన షెడ్డులో తయారైనవే. నాలుగు కంప్యూటర్లను ఆయనే దగ్గరుండి హైదరాబాద్ నుంచి శ్రీశైలం ఘాటు మీదుగా లారీలో తెచ్చాడు. దోర్నాల చెక్‌పోస్టు దగ్గర ఫారెస్టు వాళ్లు ఆపి పెట్టెలు విప్పమంటే, విప్పి, దీపం ఆరకుండా కాసినట్టు రెండు చేతులూ అడ్డం పెట్టి, "చూడండి, తాకొద్దు" అన్నాడట. ఆ మాట ఆయనే గొప్పగా చెప్పుకునేవాడు. తర్వాత మాకూ అదే మాట చెప్పాడు. అడవిలో దుంగలు వెతికేవాళ్లకూ, చదువుకోవడానికి వచ్చిన పిల్లలకూ ఆయన దగ్గర ఉన్నది ఒకటే రూలు.

ఆ యంత్రాలు ఎట్లా ఉండేవో చెప్పకపోతే నా కోపం మీకు అర్థం కాదు. మీగడ రంగు డబ్బా. కుడి పక్కన పెద్ద స్విచ్చి. దాన్ని వేస్తే టక్కుమనేది, ఆ టక్కు అరచేతిలోంచి మోచేతి దాకా తెలిసేది. లోపల ఫ్యాను మెల్లగా గొంతు సవరించుకునేది. టైపు చేసింది దాచుకునే ఫ్లాపీ బిళ్ల పెట్టే చోట తలుపు గడియ లాంటి చిన్న పిడి. తిప్పితే బిగుసుకుంటుంది, తిరిగి తిప్పితే వదులుతుంది. తెర గడ్డం కింద రేడియోకు ఉన్నట్టు రెండు మరలు. ఒకటి వెలుగుకు, ఒకటి ముదురుకు. చిమ్మచీకట్లో కూడా వేలు వాటి దగ్గరికి నేరుగా పోతుంది. ముందు వైపు మూడు మీటలు, ఒక పచ్చ దీపం, ఒక ఎర్ర దీపం. యంత్రం ఏదైనా చదువుతుంటే ఎర్ర దీపం కొట్టుకునేది. కొట్టుకుంటుంటే ఆగాలి. కొట్టుకోకపోతే మన పని మనం చేసుకోవాలి. ఒక్కో మీటకూ ఒక్కో పని. ఈ పూట ఒక పని, రేపు ఇంకో పని చేసే మీట అందులో లేదు.

కీబోర్డు మరీ అందంగా ఉండేది. ప్రతి మీట నెత్తి మీదా వేలి కొస ఆనేంత పల్లం. వెనక వరస ఎత్తుగా, ముందు వరస కిందుగా, మెట్ల మాదిరి. రెండు మీటల మీద మాత్రం చిన్న గీత ఉబ్బి ఉంటుంది, చూడకుండానే చెయ్యి ఇంటికి చేరుకోవడానికి. ఎవడో మనిషి కూర్చుని, ఇంకో మనిషి చేతిని తలుచుకుంటూ ఆ పల్లాలు చెక్కి ఉంటాడు. ఇప్పటి అద్దం ఎవరి చేతిని తలుచుకుని చేశారో నాకు తెలియదు.

ముందు వైపు గుండ్రటి తాళం కూడా ఉండేది. గొట్టం లాంటి చిన్న తాళంచెవి. దాన్ని తిప్పితే తెర వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, అక్షరం మాత్రం పడదు. కీబోర్డు నోరు కట్టేసినట్టే. మా కరస్పాండెంట్‌కు ఆ యంత్రం మొత్తంలో బాగా నచ్చింది ఈ తాళమే. నాలుగు తాళంచెవులనూ ఎర్రదారంతో గుచ్చి మొలతాడుకు కట్టుకున్నాడు. కావాలంటే చొక్కా ఎత్తి, పొట్ట లోపలికి పీల్చి, గోడ వైపు తిరిగి తీసేవాడు. అడ్మిషన్ల రోజుల్లో మాత్రమే తీసేవాడు.

అడ్మిషన్లకు తల్లిదండ్రులు వస్తే ఏసీ గది బయట చెప్పులు విడిపించేవాడు. టైలరు చేత కుట్టించిన మఖమలు ముసుగు తీసి, స్విచ్చి వేసి, టర్బో అనే మీట నొక్కేవాడు. పక్కన ఎర్ర అంకెలు ముప్పయి మూడు నుంచి అరవై ఆరుకు మారేవి. "చూసినారా, ఇప్పుడు దీని తెలివి రెట్టింపయింది" అనేవాడు. గిద్దలూరు నుంచి ఒక తండ్రి, "జరం కొలిచే మిషన్ మాదిరి ఉంది గద సార్" అని తన తెలివీ చూపించాడు. నిజానికి ఆ అంకెలు దేన్నీ కొలవవు. కంప్యూటర్ బిగించినవాడు లోపల చిన్న పిన్నులు ఎట్లా గుచ్చితే అట్లా చూపిస్తాయి. కావాలంటే ఊరి పిన్‌కోడు మొదటి రెండంకెలు పెట్టుకోవచ్చు. ఈ మాట నేను ఆయనతో అన్నాను. ఆయన నన్ను ఉప్పు ఎక్కువైన కూరను చూసినట్టు చూశాడు.

తల్లిదండ్రులు వెళ్లాక ముసుగు వేసి, తాళం తిప్పి, మొలతాడు సర్దుకునేవాడు. పిల్లలకు ఇక ఏముంది? నా నోరు, నల్లబల్ల.

"సార్, తాకకుండా నేర్చుకునే విద్య కాదిది" అన్నాను.

"మేడం, కొత్త వస్తువు. పిల్లలు పల్లెల నుంచి వస్తారు. వాళ్లింట్లో లైటు స్విచ్చి వేయాలన్నా షాకు కొడతాదని మొగోళ్లే వేస్తారు. ఈళ్లు దీన్ని బతకనిస్తారా?"

"మీ పలకలు అద్దాల బీరువాలో పెట్టి, చూసి దిద్దుకోండి అని అమ్ముతున్నారా సార్?"

"పలక పగిలితే ఇంకో పలక."

"అయితే పలకలే ఇప్పించండి."

కోపంతో అన్న మాట అది. ఆయన మాత్రం సంబరపడి, మర్నాడే ఫ్యాక్టరీ నుంచి మూలలు విరిగిన పలకలు ఒక గోనెసంచి నిండా పంపించాడు. వాటి మీద బలపంతో కీబోర్డు గీయించాను. ఇంకేం చేయను? పిల్లలు నేల మీద కూర్చుని, ఒళ్లో పలకలు పెట్టుకుని, పది వేళ్లతో చప్పుడు లేకుండా టైపు చేసేవారు. నేను అక్షరాలు చెబుతుంటే వేళ్లు గడుల మీద తిరిగేవి. దూరం నుంచి చూస్తే గదినిండా ఆడపిల్లలు పలకలకు వెన్న రాస్తున్నట్టు ఉండేది.

చెమటకు బలపం గీతలు చెరిగిపోయేవి. రోజూ కొత్తగా గీసుకోవాలి. ఒకరోజు తర్లుపాడు వైపు పల్లె నుంచి వచ్చే ఒక అమ్మాయి మాత్రం చెరగని పలక తెచ్చుకుంది. గడులన్నీ మేకుతో లోతుగా గీసి ఉన్నాయి. అక్షరాలు కొంచెం వంకరగా ఉన్నా ఒక్కటీ తప్పు లేదు. వెనకే వాళ్లమ్మ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. మా కరస్పాండెంట్ ఫ్యాక్టరీలోనే పలకలు అరగదీసే పని ఆమెది. ఎర్రకండువా లాంటి పాత చీరకొంగు, చేతులకు బూడిదరంగు దుమ్ము.

"చెరిగిపోతాందని ఏడస్తాంది మేడమమ్మా. అందుకే గీసినా. తప్పులేమన్నా ఉండాయా?"

"ఏమీ లేవు. నీకు ఇంగ్లీషు అక్షరాలు వచ్చా?"

"రావమ్మా. పాప బొమ్మ గీసిచ్చింది, బొమ్మను చూసి గీసినా." ఆమె పలక వైపు చూస్తూ గొంతు తగ్గించింది. "ఈ పరీక్ష పాసైతాదంటావా? వాళ్ల నాయన ఒకటే మాట చెప్పినాడు. పాసైతే పైకి చదివిస్తా, తప్పితే ఫ్యాక్టరీకి పోవాల్సిందే అన్నాడు. నా పక్క పీట ఖాళీగానే ఉండాది. మేస్త్రి రోజూ అడుగుతాండాడు, పాప ఎప్పుడొస్తాదని."

ఆదివారం చర్చిలో పాప పేరు చెప్పి ప్రార్థన కూడా చేయించానంది. పాస్టరు గారు, 'ఏం పరీక్షమ్మా' అని అడిగితే, 'కంప్యూటరు పరీక్షయ్యా' అని చెప్పిందట. ఆయన ఆ మాటను ప్రార్థనలో రెండుసార్లు పలికాడట. అది చెబుతున్నప్పుడు ఆమె ముఖం వెలిగిపోయింది. ఆ అమ్మాయి తల వంచుకుని పలక మీద వేళ్లు ఆడిస్తూనే ఉంది.

ఆరోజు నుంచి పరీక్ష దాకా నేను కరస్పాండెంట్‌తో పోట్లాడని వారం లేదు. ఒక్క గంట తీయండి అంటే, వర్షాకాలం తేమ అనేవాడు. తేమ పోయాక దుమ్ము. దుమ్ము పోయాక కరెంటు నమ్మకం లేదు. అన్నీ బాగున్న రోజున అమావాస్య. "పరీక్ష రోజు ఎట్లాగూ తీస్తాం గద మేడం, ఆరోజే వాడుకుంటారు. వాళ్లకన్నీ బట్టీ వచ్చినాయని మీరే చెప్పినారు" అనేవాడు. నిజమే, బట్టీ వచ్చాయి. ఆ పిల్లలు కళ్లు మూసుకుని కీబోర్డు అప్పజెప్పేవారు.

ప్రాక్టికల్ పరీక్షకు ఒంగోలు నుంచి ఒక ఎగ్జామినర్ వచ్చాడు. నెమ్మదైన మనిషి. కరస్పాండెంట్ కొత్త బట్టలు కట్టుకుని, అగరొత్తులు వెలిగించి, గోడ వైపు తిరిగి తాళంచెవులు తీసి, ఒక్కో తాళమూ తిప్పాడు. మొదటి నలుగురు అమ్మాయిలు కూర్చున్నారు. మా తర్లుపాడు వైపు పిల్ల కిటికీ పక్కన. వీపు నిటారుగా, మోచేతులు పక్కకు, వేళ్లు సరిగ్గా ఎక్కడ ఉండాలో అక్కడ. చూస్తుంటే నాకే గర్వమనిపించింది.

ఎగ్జామినర్ ఒక పేరా ఇచ్చి, టైపు చేయమని, చేతులు వెనక్కి కట్టుకుని కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు. కొంతసేపయింది. గదిలో ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు.

"మొదలుపెట్టండమ్మా" అన్నాడు.

"మొదలుపెట్టినాం సార్" అన్నారు నలుగురూ.

ఆయన వెనక్కి తిరిగాడు. నాలుగు తెరలూ ఖాళీ. నలుగురి వేళ్లూ మీటల మీద ఎంతో శ్రద్ధగా తిరుగుతున్నాయి. ఒక అమ్మాయి అప్పటికే రెండో వాక్యంలో ఉంది. ఒక్క మీటా కిందికి దిగలేదు. వాళ్లు నేర్చుకున్నది పలక మీద. పలక దిగదు. తాకితే అక్షరం పడినట్టే. నొక్కాలనే సంగతి వాళ్లకు ఎవరు చెప్పారు? నేను చెప్పానని వాదించగలను. నల్లబల్ల దగ్గర నిలబడి వందసార్లు చెప్పాను. కానీ వేలు వినాల్సిన మాటను చెవికి చెబితే ఏం లాభం?

"నొక్కండమ్మా" అన్నాడు ఎగ్జామినర్.

మా పిల్ల భయంతో నొక్కింది. నొక్కి, అట్లాగే పట్టుకుంది. తెర మీద ఒకే అక్షరం వరస కట్టి పరిగెత్తింది, లైను దాటింది, రెండో లైను దాటింది. యంత్రం కీచు కీచుమని అరవడం మొదలుపెట్టింది. పక్క అమ్మాయి కుర్చీలోంచి లేచేసింది. కరస్పాండెంట్ ఒక్క ఉదుటున వచ్చి, "తియ్యి, చెయ్యి తియ్యి" అని అరిచి, తాళం తిప్పేశాడు.

"నేను చెప్పలా? పలకలు తోమే ఇండ్ల నుంచి వస్తారు. ఆ చేతులు కంప్యూటర్‌కు పనికొస్తాయా?"

ఆ అమ్మాయి చేతులు ఒళ్లో దాచుకుంది. ఆ దాచుకోవడం చూశాక నాకు ఎగ్జామినర్ ఉన్నాడని గానీ, నాకు ఉద్యోగం ఉందని గానీ గుర్తు రాలేదు.

"ఆ చేతులు పనికొచ్చాయి కాబట్టే సార్ మీకు ఈ కంప్యూటర్లు వచ్చాయి. వాళ్లమ్మ పలక అరగదీస్తే మీ ఇంట్లో ఏసీ తిరుగుతోంది. సంవత్సరమంతా తాళం మొలకు కట్టుకుని, ఈరోజు చేతుల్ని తప్పు పడతారా?"

"మేడం, మీరు గీత దాటుతాండారు."

"గీతలు పలక మీద చాలా గీశాను సార్. ఇక చాలు."

ఎగ్జామినర్ దగ్గాడు. గొడవ ముదరకుండా ఉండటానికి దగ్గిన దగ్గు అది. "భోజనం చేసి వస్తాను. మధ్యాహ్నం మళ్లీ మొదటి నుంచి చూస్తాను. అప్పుడూ ఇట్లాగే ఉంటే నేను చేయగలిగింది ఏమీ లేదమ్మా" అన్నాడు. కరస్పాండెంట్ మిగిలిన మూడు తాళాలూ తిప్పి, మొలతాడు సర్దుకుని, ఆయన్ను కారెక్కించుకుని భోజనానికి ఇంటికి తీసుకుపోయాడు. యంత్రాలు వేడెక్కాయట, చల్లబడాలట.

ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. "పలక మీద ఎప్పుడూ తప్పు పోలేదు మేడం" అంది.

"పలకకు తప్పు తెలిస్తే గదే తల్లీ, చెప్పడానికి."

పిల్లల వేళ్లు నిజమైన మీటను ఒక్కసారి తాకితే చాలు, మిగతాదంతా వాళ్లకు వచ్చు. ఆ మీట ఊళ్లో ఇంకెక్కడుంది? బస్టాండు పక్కన పెళ్లికార్డులు కొట్టే దుకాణంలో ఒక కంప్యూటర్ ఉంది. పరుగులాంటి నడకతో అక్కడికి పోయాను. దుకాణం అతను ముహూర్తాల హడావుడిలో మునిగిపోయి ఉన్నాడు.

"మా పిల్లలు ఒక గంట నీ కంప్యూటర్ నొక్కుకుంటారు" అన్నాను.

"అక్కా, నీకు దండం పెడతా. పామూరోళ్ల పెండ్లికార్డు నడస్తాంది. అందరూ వచ్చి నొక్కితే పెండ్లికొడుకు పేరు మారిపోతాది."

అతని యంత్రం కూడా మీగడ రంగుదే, పొగకు పసుపెక్కింది. కీబోర్డు మీటలు అరిగి నున్నగా మెరుస్తున్నాయి. ముందు వైపు తాళంలో తాళంచెవి గుచ్చే ఉంది. దానికి ఎండిన నిమ్మకాయ వేలాడుతోంది. అదే గొట్టం. అదే గాటు. రోజూ చూసే మనిషి బట్టలు మార్చుకుని కనబడినట్టు అనిపించింది.

"ఈ తాళం ఎప్పుడన్నా వేస్తావా?"

"తాళమేస్తే పనెట్ల జరుగుతాదక్కా? ఎక్కడన్నా పోతాదని దాంట్లోనే పెట్టినా."

"నాకు ఒక గంట ఇవ్వు. మా వాటికి పెట్టి చూస్తా."

అతను మొదటిసారి తెర మీద నుంచి కళ్లు తీశాడు. "నా బీగంచెవి మీ బీగానికి ఎట్ల పడతాది అక్కా?"

"పడదేమో. చూద్దాం."

"పడితే మాత్రం కబురు చెయ్యి. ఇంటికి పోయి మా తలుపు తాళం మార్చుకుంటా" అని నవ్వుతూ, నిమ్మకాయతో సహా తీసి ఇచ్చాడు.

కాలేజీకి వచ్చి, మొదటి కంప్యూటర్‌కు పెట్టి తిప్పాను. తిరిగింది. రెండోదానికీ తిరిగింది. నాలుగుకు నాలుగూ తిరిగాయి. డబ్బాలు చేసేవాడు ఊరూరికీ వేరే తాళం పెట్టడు గదా. వేలాది డబ్బాలకు ఒకటే తాళం పోసి పంపించాడు. సంతోషపడాల్సిన సమయం అది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. సంవత్సరం పాటు ఒక మనిషి మొలకు కట్టుకుని తిరిగిన అధికారం, పెళ్లికార్డుల దుకాణంలో నిమ్మకాయ కట్టుకుని కూర్చుంది.

"ఇట్లా రండే" అన్నాను. "తాకొద్దు. నొక్కు. నొక్కి వదులు."

మా పిల్ల నొక్కింది. మీట టక్కుమని దిగి, వేలిని వెనక్కి తోసింది. ఆమె చటుక్కున చెయ్యి తీసుకుంది. తెర మీద ఒకే ఒక్క అక్షరం నిలబడి ఉంది.

"మేడం, ఇది చెబుతాంది."

"ఏం చెబుతోంది?"

"పడింది అని."

కంప్యూటర్ల గురించి నేను చదివిన పుస్తకాల్లో ఎక్కడా ఇంత బాగా చెప్పలేదు. మీట చేసే పని అక్షరం వేయడం ఒక్కటే కాదు. నువ్వు చేసింది జరిగిందని నీ వేలికి తిరిగి చెప్పడం. ఒక సంవత్సరం పాటు పలకను నిమిరి, జవాబు రాని పని చేసిన పిల్ల ఆమె. జవాబు వచ్చేసరికి ఇక ఆగలేదు. మిగతావాళ్లూ ఆగలేదు. ఒకరి తర్వాత ఒకరు కూర్చున్నారు. చోట్లు ఎట్లాగూ కంఠతా వచ్చు. కాసేపటికి ఆ గది మీద వడగళ్లు పడుతున్నట్టయింది.

ఆ చప్పుడు మెట్ల మీద ఉన్న కరస్పాండెంట్‌కు వినబడింది. ఎగ్జామినర్ పక్కనే ఉన్నాడని కూడా చూసుకోకుండా చొక్కా ఎత్తి మొల తడుముకున్నాడు. నాలుగు తాళంచెవులూ అక్కడే ఉన్నాయి. గుమ్మంలోకి వచ్చి, పాలిపోయిన ముఖంతో అడిగాడు.

"తాళాలు ఎవరు పగలగొట్టినారు?"

"ఎవరూ పగలగొట్టలేదు సార్. తీశాను."

"దేంతో తీసినారు?"

నిమ్మకాయ పట్టుకుని తాళంచెవి చూపించాను. "బస్టాండు పక్క పెళ్లికార్డుల దుకాణం తాళంచెవి. వీటన్నిటికీ ఒకటే తాళం సార్. మీది తీసుకుపోయి ఒంగోలులో ఏ కంప్యూటర్‌కైనా పెట్టండి, తిరుగుతుంది."

ఎగ్జామినర్ మళ్లీ దగ్గాడు. ఈసారి నవ్వు దాచుకోవడానికి. కుర్చీ లాక్కుని కూర్చుని, "మొదలుపెట్టండమ్మా" అన్నాడు. మొదలుపెట్టారో లేదో ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

మా పిల్ల పేరా పూర్తి చేయలేదు. చివరి లైను మిగిలిపోయింది. రెండు చోట్ల తప్పులు పోయాయి. అయినా ఫ్లాపీ పెట్టి, పిడి తిప్పి, ఎర్ర దీపం ఆగేదాకా ఆగి, తీసి ఎగ్జామినర్ చేతికి ఇచ్చింది. పాసయింది. ఖాళీ పీట మీద ఇంకెవరు కూర్చున్నారో నేను కనుక్కోలేదు.

మర్నాడు నేను పోయేసరికి కరస్పాండెంట్ ఒక్కడే గదిలో ఉన్నాడు. మొలలోంచి తీసిన తాళంచెవులు బల్ల మీద పెట్టుకుని, ఒకదాన్ని ఇంకోదాని పక్కన పెట్టి చూసుకుంటున్నాడు. నన్ను చూసి, "అన్నిటికీ ఒకటేనా మేడం?" అన్నాడు. ఆ గొంతు విని ఒక్క క్షణం జాలేసింది. ఆ యంత్రాలను ఆయన నిజంగానే ప్రేమించాడు, కాదనను. కానీ తాను కూడా ఒక్క టర్బో తప్ప ఇంకో మీట నొక్కి ఎరగడు. "ఒకసారి నొక్కి చూడండి సార్" అన్నాను. ఒక వేలు చాపాడు. చాపి, వెనక్కి తీసుకున్నాడు.

నా జాలి సాయంత్రం దాకా కూడా నిలవలేదు. వడ్రంగిని పిలిపించి గది తలుపుకే పెద్ద గొళ్లెం, పెద్ద తాళం వేయించాడు. ఫలితాలు వచ్చాక ఆ తాళమూ తీయక తప్పలేదు. పిల్లల తల్లిదండ్రులు వచ్చి, ఆ పలకల పిల్ల నేర్చుకున్నట్టే మా పిల్లకూ నేర్పాలని కూర్చున్నారు. ఆ ఏడాది కరపత్రంలో 'ప్రతి విద్యార్థినికీ ప్రత్యేక కంప్యూటర్' అని వేయించాడు. పలకలను కూడా కలిపి లెక్కేశాడేమో.

మొన్న మోకాళ్ల నొప్పికి పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి పోయాను. టోకెన్ ఇచ్చే మనిషి లేడు. అతని చోట మనిషెత్తు అద్దం నిలబెట్టారు. దాని ముందు ఒక ముసలామె, పక్కన నడివయసు ఆవిడ. ఆ నడివయసు ఆవిడ నన్ను చూసి, "మేడం" అని వంగి కాళ్లు పట్టుకోబోయింది. గిద్దలూరులో ఒక ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేస్తోందట. ముసలామె, మేకుతో కీబోర్డు గీసిన తల్లి. చూపు మందగించింది గానీ నన్ను గొంతుతో గుర్తుపట్టింది.

"ఏందో చూడు మేడమమ్మా, దీనికి నేను ఆనడంల్యా" అంది.

ఆమె అద్దం మీద ఊరి పేరు దగ్గర వేలు పెడుతోంది. ఏమీ జరగడం లేదు. ఏళ్ల తరబడి పలకలు అరగదీసిన వేలు అది. చర్మం ఎండి, గట్టిపడి, నున్నగా పలకలాగే ఉంది. అద్దానికి అది వేలని తెలియడం లేదు. ఆమె ఇంకా గట్టిగా నొక్కింది. కూతురు ఆమె చెయ్యి పట్టుకుని, నెమ్మదిగా, ప్రేమగా చెప్పింది.

"నొక్కొద్దు మా. ఊరికే తాకు."

చెప్పాక నా వైపు చూసింది. ఇద్దరికీ అదే గది గుర్తొచ్చిందని ఇద్దరికీ తెలిసింది.

"నేను వేస్తా ఉండు" అని కూతురు చెయ్యి చాపింది. ముసలామె ఆ చేతిని పక్కకు తోసేసింది. "నీకు అది నేర్పిచ్చేదానికి పలక గీసినదాన్ని నేను. నాకు టోకెను నేను తీసుకోలేనా?"

నేను కౌంటర్ దగ్గరికి పోయి, ఈ అద్దాన్ని ఎవరు పెట్టించారని గొడవ పెట్టుకున్నాను. పైనుంచి వచ్చిందన్నారు. పైన ఎవరు అన్నాను. కంపెనీ అన్నారు. ఆ కంపెనీని ఎక్కడ పట్టుకోవాలి? మా కరస్పాండెంట్ ఎంత మూర్ఖుడైనా మెట్ల మీద దొరికేవాడు. ఆయన తాళానికి ఒక కన్నం ఉండేది. దాంట్లో పెట్టడానికి ఊళ్లో ఎక్కడో ఒక చెవి దొరికేది. ఈ అద్దం చుట్టూ తిరిగి చూశాను. ముందు లేదు, వెనక లేదు, పక్కన లేదు. చివరికి కౌంటర్ అతను విసిగిపోయి, "ఆ పెద్దామెకు నేను చేత్తో రాసిస్తాను, మీరు కూర్చోండి మేడం" అన్నాడు.

తిరిగి వచ్చి ఆ మాట చెప్పాను. ఆమె వినలేదు. వేలును నాలుకతో తడి చేసుకుని, కొంగుకు తుడుచుకుని, మళ్లీ అద్దం మీద పెట్టింది. వెనక వరస పెరుగుతోంది. ఎవరో, "నొక్కకూడదవ్వా, ఊరికే తాకాల" అన్నారు. అవ్వ భుజమంతా పెట్టి నొక్కుతోంది.

నేను మాత్రం ఆమెను నొక్కొద్దని అనలేదు.